పోయాడంటే ఎక్కడికి?

మాటల మీద పాఠకుల సందేహాలకు జవాబులు. రాస్తున్నది జిల్లా కోర్టులో అనువాదకురాలిగా పనిచేసి రిటైరైన ఒక గుంటూరు ఆవిడ.

ప్రశ్న: పుట్టి పెరిగింది పుణెలో, మెట్టినిల్లు రాజమహేంద్రవరం. మొన్న మా అత్తగారు వంటింట్లోంచి “బియ్యం నిండుకున్నాయమ్మా” అన్నారు. డబ్బా నిండుగా ఉందన్నమాట అనుకుని “మంచిదే కదండీ” అన్నాను. రాత్రి వండబోతే డబ్బాలో గింజ లేదు. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నవ్వుతున్నారు. తప్పు మాట్లాడింది ఎవరు?

జవాబు: నవ్వనివ్వమ్మా, నాలుగు రోజులు పోతే వాళ్ళే మానేస్తారు. ఎవరూ తప్పు మాట్లాడలేదు. తెలుగింట్లో బియ్యం అయిపోవు, పసుపు కుంకుమలు అయిపోవు. నిండుకుంటాయి. ఇంటికి కళ తెచ్చే వస్తువుల పక్కన ‘లేదు’, ‘అయిపోయింది’ అన్న మాటలు నోట రాకూడదని పెద్దవాళ్ళ పట్టింపు. అందుకే ఉన్నదానికి ఎదురు మాట వేసి చెబుతారు. దేవుడి దగ్గర దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తాడు తెగదు, పెరుగుతుంది. నల్లపూసలూ అంతే. “మా కోడలి నల్లపూసలు పెరిగాయి” అని ఎవరైనా అంటే కొత్త వరస చేయించారని అభినందించకండి, అవి తెగి గది నిండా దొర్లుతున్నాయని అర్థం.

‘నిండింది’కీ ‘నిండుకుంది’కీ మధ్య ఉన్నది చిన్న ‘కు’ ఒక్కటే. జలాశయం నిండిందంటే రైతుకు పండగ. ఆసుపత్రిలో మందులు నిండుకున్నాయంటే గండం. పేపర్లు ‘ఖజానా నిండుకుంది’ అని హెడ్డింగు పెడితే జీతాలు ఆలస్యమవుతాయని ఉద్యోగులందరికీ అర్థమైపోతుంది. బియ్యం దగ్గర శుభం కోసం పుట్టిన మాట, ఖజానా దగ్గరికొచ్చేసరికి వెటకారమైంది.

భయపడే వాటికీ ఇలాగే మారుపేర్లు పెట్టుకున్నాం. ఒళ్ళంతా పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటారు. చీకటి పడ్డాక పాముని పాము అనరు, పురుగు అంటారు. మా కోర్టుకొచ్చిన ఒక కాగితంలో “రాత్రి మడికి నీళ్ళు పెట్టబోయి పురుగు ముట్టి చనిపోయాడు” అని ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు, పట్నంలో చదువుకున్నవాడు, దాన్ని ‘ఇన్‌సెక్ట్’ అని రాసుకొచ్చాడు. పురుగు ముడితే మనిషి ఎందుకు చస్తాడని పై కోర్టులో ఎవరైనా అడిగితే ఆ కుటుంబం ఏం చెబుతుంది? పాము అని దిద్దించి పంపాను.

మీ ఇంటి సంగతికి వస్తే, అత్తగారు ‘నిండుకున్నాయి’ అన్నారంటే సంచీ తీసుకుని ఎవరో ఒకరు బజారుకు బయల్దేరాలని.

ప్రశ్న: మాది వరంగల్, ఉద్యోగం కాకినాడలో. మా మేనేజర్ కోసం ఎవరో వచ్చి అడిగితే “సార్ పోయిండు” అన్నా. పక్క సీట్లో ఇద్దరు లేచి నిలబడ్డరు. ఒకావిడ “అయ్యో, ఎప్పుడు?” అన్నది. ‘పో’ అనే ఒక్క అక్షరంలో ఇంత తేడా ఏంది మేడమ్?

జవాబు: వరంగల్‌లో అయినా కడపలో అయినా పోవడమంటే వెళ్ళడమే. “ఎటు పోతున్నవ్” అని మీరూ, “యాడికి పోతాండావ్” అని వాళ్ళూ ప్రేమగానే పలకరిస్తారు. కోస్తా పట్టణాల్లో ఆ పని ‘వెళ్ళు’ తీసేసుకుంది. పాపం, ‘పో’కి అక్కడ మిగిలినవి రెండే: కసిరి పంపడం, కన్నుమూయడం. అలాగని కోస్తా అంతా ఒకటే అనుకోవద్దు. మా గుంటూరు పల్లెల్లో “మా ఆయన పొలం పోయాడండి” అని ఇప్పటికీ అంటారు, ఎవరూ కంగారు పడరు. అందులో కిటుకు తెలిసిందా? పొలం అని చోటు ముందే చెప్పారు. మీరూ “సార్ హెడ్డాఫీసుకు పోయిండు” అనండి, అందరూ కూర్చునే వింటారు.

ఇక ‘పో’ వేషాలు చూడండి. కరెంటు పోతుంది, మతి పోతుంది, పరువు పోతుంది. అవన్నీ పోగొట్టుకోవడాలు. ‘పోయిన వారం’లో పోవడం గడవడం. ‘ఖర్చులు పోను’ అంటే తీసేయగా. ‘పోనీ, నువ్వే చెప్పు’ అన్నప్పుడు అది ఇంకో దారి చూపించే మాట. అదే ‘పోనీ’కి ‘లే’ తగిలిస్తే క్షమాపణ: “పోనీలే, చిన్నపిల్లాడు.” ‘ప్రాణం పోయింది’, ‘ప్రాణం పోసింది’ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అవి రెండూ ఒక క్రియ కావు. మొదటిది పోవడం, రెండోది పోయడం, నీళ్ళు పోసినట్టు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇంకో క్రియకు తోక అయినప్పుడు ‘పో’ చేసే పని. మురిసిపోయాడు, విసిగిపోయాడు, అలసిపోయాడు, కుంగిపోయాడు. ఇవేవీ మనిషి పూనుకుని చేసినవి కావు. తన ప్రమేయం లేకుండా ఆ స్థితిలోకి జారిపోయాడు. పిల్లలకు ఈ కిటుకు పుట్టుకతోనే తెలుసు. “గ్లాసు పగలగొట్టాను” అని ఏ పిల్లాడూ అనడు. “అమ్మా, గ్లాసు పగిలిపోయింది.” ఆఫీసుల్లో ఫైళ్ళు కూడా ఎవరూ పోగొట్టరు, అవే పోతాయి.

కోర్టులో ఇది నవ్వులాట కాదు. కొట్లాట కేసుల్లో ఒక పక్షం “కత్తితో పొడిచాడు” అంటుంది, రెండో పక్షం “పెనుగులాటలో కత్తి తగిలింది” అంటుంది. కత్తి అదే, గాయం అదే. ‘తగలడం’ అన్నమాటలో చేసినవాడు కనిపించడు. దెబ్బ తగులుతుంది, షాక్ తగులుతుంది, ఎండ తగులుతుంది, ఒకరి ఉసురు తగులుతుంది, చివరికి దారిలో బాకీవాడు కూడా తగులుతాడు. వాటిలో దేన్నీ మనం రమ్మనలేదు. ముద్దాయి తరఫు సాక్షులు ‘పొడిచాడు’ అనడం నేను వినలేదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు చేసినవాణ్ణి నా అంతట నేను తెచ్చి వాక్యంలో కూర్చోబెట్టకూడదు. ఆ ఒక్కదాని కోసం వాక్యం ఎంత వంకరగా వచ్చినా అలాగే ఉంచేదాన్ని.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్నాను. పాపం అంటే చెడ్డ పని కదా. మరి మంచివాళ్ళకు కష్టం వస్తే “పాపం!” అంటారెందుకు?

జవాబు: మంచి అనుమానం నాన్నా. ‘పాపం చేశాడు’లో పాపం చెడ్డ పని. “పాపం, బస్సు అందలేదు” అన్నప్పుడు అది జాలి. ఎలా పోల్చుకోవాలంటే, జాలి పాపం వాక్యంలో ఎవరితోనూ కలవదు, తీసేసినా వాక్యం నిలబడుతుంది. కామా ఎక్కడ పెడుతున్నావో మాత్రం చూసుకో. “పాపం పండింది” అంటే చేసిన తప్పుకు శిక్ష పడే రోజు వచ్చిందని. “పాపం, పండింది” అంటే కాయగా కోద్దామనుకున్న మామిడి ఆగలేదని.

ప్రశ్న: నేను డాక్టర్‌ని. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదువంతా ఢిల్లీలో. ఇప్పుడు విజయనగరం దగ్గర చిన్న ఆసుపత్రిలో పని. “నొప్పి ఉందా?” అంటే “నొప్పి లేదు బాబూ, సలుపు” అంటారు. ఇంకొకరు “పోటు”, ఇంకొకరు “తీపులు” అంటారు. తీపి అంటే స్వీటు కదండీ? ఇవన్నీ ఒకటే అనుకుని రాసుకోవచ్చా?

జవాబు: రాసుకోకండి డాక్టరు గారూ. మీకు సగం పరీక్ష వాళ్ళే చేసి పెడుతున్నారు, కాదనడం దేనికి?

పోటు అంటే పొడిచినట్టు ఉండేది. చెవిపోటు, పంటిపోటు, తలపోటు. సలుపు అలా కాదు. చీము పట్టిన గడ్డ, గోరుచుట్టు ఉన్న వేలు లోపల్లోపల కొట్టుకుంటున్నట్టు ఆగి ఆగి బాధపెడుతుందే, అది. సలుపుతోందన్న చోట ముందు వాపు, చీము ఉన్నాయేమో చూడండి. తీపులు స్వీటు కాదు. జ్వరం వచ్చే ముందు ఒళ్ళంతా లాగేసినట్టు, ఎక్కడని వేలు పెట్టి చూపించలేనట్టు ఉంటుంది, దాన్ని ఒళ్ళు తీపులంటారు. పొద్దస్తమానం నిలబడి పనిచేసినావిడ కాళ్ళు పీకుతున్నాయంటుంది. కడుపులో మెలిపెట్టినట్టుందంటే అది వచ్చి పోయే నొప్పి. తిమ్మిరి అంటే సూదులు గుచ్చినట్టు జివ్వుమనడం, మొద్దుబారడం అంటే తాకినా తెలియకపోవడం. ఈ రెండూ కలిపి ‘తిమ్మిరి’ అనేసేవాళ్ళూ ఉంటారు గనుక అక్కడ మళ్ళీ అడగండి.

ఏకవచనం, బహువచనం చూసుకోవాలి. నిండు చూలాలు “నొప్పిగా ఉంది” అంటే ఎక్కడమ్మా అని అడగొచ్చు. “నొప్పులు వస్తున్నాయి” అంటే అడుగుతూ కూర్చోవద్దు, కాన్పుకు సిద్ధం చేయండి. “ఓపిక లేదండీ” అన్న మనిషి మీ మీద విసుక్కోవడం లేదు, ఒంట్లో సత్తువ లేదంటున్నాడు. తెలుగులో ఓపిక మనసుదీ, ఒంటిదీ కూడా. ‘ఓర్పు’ మాత్రం మనసుదే. ‘కడుపునొప్పి’ మీ దగ్గరికి వస్తుంది. ‘కడుపుమంట’ సగం మీ దగ్గరికీ, సగం పక్కింటివాళ్ళు కారు కొన్నప్పుడూ వస్తుంది.

ఇంకొకటి, ఇది మీకు నేను చెప్పాల్సింది కాదు, కానీ మాట వల్ల ప్రమాదం ఉన్న చోటు గనుక చెబుతున్నాను. గుండెజబ్బుకు మనం ‘గుండెపోటు’ అని పేరు పెట్టుకున్నాం. దాంతో జనం నిజంగా పోటు కోసమే చూస్తుంటారు. కత్తితో పొడిచినట్టు లేదు కాబట్టి గుండె కాదులే అనుకుని ఇంట్లో సోడా తాగి పడుకుంటారు. ఆ జబ్బులో చాలామందికి ఉండేది పోటు కాదు కదా, బరువు, బిగుతు. “నొప్పేం లేదండీ, ఛాతీ పట్టేసినట్టుంది, గ్యాస్ అనుకుంటా” అని ఒక పెద్దాయన అంటే అందులో ‘నొప్పి లేదు’ దగ్గర ఆగకండి. అసలు మాట ‘పట్టేసినట్టుంది’. నడుం పట్టేసింది, మెడ పట్టేసింది అని రోజూ వినే మాటే కావడం వల్ల చెవులు దాన్ని దాటేస్తాయి. అది ఎక్కడ పట్టేసిందో అడిగితే గానీ సంగతి తేలదు.

ప్రశ్న: మాది నిజామాబాద్. హిందీలో ‘శిక్షా మంత్రి’ అంటే చదువుల మంత్రి, మనకేమో శిక్షలు వేసే మంత్రిలా వినిపిస్తుంది. ఒకే సంస్కృతం మాట రెండు చోట్ల రెండు దారులు ఎందుకు పట్టింది?

జవాబు: నేర్పడంలోనే దండించడం కూడా ఉందని మన పూర్వపు బడిపంతుళ్ళు గట్టిగా నమ్మినట్టున్నారు. మనం రెండోదాన్ని ఉంచుకున్నాం, హిందీవాళ్ళు మొదటిదాన్ని. ఇలాంటివి బోలెడు. మన ఉపన్యాసం వాళ్ళకు నవల. మన ఆలోచన వాళ్ళకు విమర్శ. మనకు అవసరం అంటే కావలసి రావడం, వాళ్ళకు అవకాశం. మన అనుమానంలో శంక ఉంది, వాళ్ళది ఉత్త అంచనా.

వీటిలో నాకు ఇష్టమైన జత కృషి, వ్యవసాయం. సంస్కృతంలో కృషి అంటే దున్నడం. వ్యవసాయం అంటే పట్టుదల, గట్టి ప్రయత్నం. తెలుగుకు వచ్చేసరికి రెండూ కుర్చీలు మార్చుకున్నాయి: దున్నడం వ్యవసాయమైంది, ప్రయత్నం కృషి అయింది. హిందీలో కృషి పొలంలోనే ఉండిపోయింది, వ్యవసాయం మాత్రం వ్యాపారంలోకి దిగింది. అందుకే మన ఊళ్ళలో ‘కృషి విజ్ఞాన కేంద్రం’ బోర్డు చూసి, ఇక్కడ పట్టుదల నేర్పుతారా అని ఎవరైనా అనుకుంటే వాళ్ళను తప్పుపట్టలేం.

మీరు అడగకపోయినా మా కోర్టు మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. ‘ముద్దాయి’ ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే ఫిర్యాది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే బోనెక్కింది. పాత ఉర్దూ కాగితం చేతికొచ్చినప్పుడు తెలుగు చెవితో చదివితే కేసు తలకిందులైపోతుంది. ‘రాజీనామా’ కూడా అలాంటిదే. పేరులోనే రాజీ ఉంది చూడండి. అసలు అది ఇద్దరూ రాజీపడి రాసుకున్న కాగితం. మన దగ్గర అది ఉద్యోగం వదిలేసే కాగితమైంది. అందులో రాజీ ఏముందో వదిలేసినవాళ్ళను అడగాలి.

ప్రశ్న: అనంతపురం నుంచి రాస్తున్నాను. అవసరానికి మా బాబాయిని 2 లక్షలు చేబదులు అడిగాను. “చూద్దాంలే” అన్నాడు. ఆశ పెట్టుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకొకర్ని కూడా అడిగి ఉంచుకో బాబూ.

‘చూద్దాం’ అని ఊరుకుని ఉంటే సగం ఆశ ఉండేది. “చూద్దాం, పదో తారీఖు తర్వాత గుర్తు చెయ్” అంటే ముప్పాతిక ఉన్నట్టే. ‘లే’ చేరేసరికి తలుపు దగ్గరగా వేసినట్టయింది. గడియ పెట్టలేదు, అంతే. మన వాళ్ళు డబ్బు అడిగిన మనిషి మొహం మీద ‘ఇవ్వను’ అనరు. అనలేక ‘లే’ అంటారు.

అయితే ‘లే’ ఎప్పుడూ తప్పించుకునేదే అనుకోకు. జ్వరంతో ఉన్న పిల్లాడికి తల్లి “తగ్గిపోతుందిలే” అంటే అది ధైర్యం. “చాల్లే” విసుగు. “సర్లే” ఒప్పుకోలు, కానీ మనసులో కాదు. “అవున్లే, నువ్వు పెద్ద ఆఫీసరువి” అంటే ఎత్తిపొడుపు. రాగం తీసి పలికితే ఒక అర్థం, తుంచి పలికితే ఇంకొకటి. వాట్సాప్‌లో రాగం లేదు గనుక ‘సరే’, ‘సరేలే’, ‘సర్లే’ల మధ్య కొత్త జంటలు పొద్దుపోయేదాకా పోట్లాడుకుంటున్నారు.

ప్రామిసరీ నోటు కేసుల్లో సాక్షులు తరచూ అనే మాట: “బాకీ అడిగితే ఇస్తాలే అన్నాడండి.” అప్పిచ్చినవాడి లాయరుకు అది అప్పు ఉందని ఒప్పుకోవడం. రెండో లాయరుకు అది పోరు పడలేక అన్న మాట. ఇంగ్లీషులో ఆ ‘లే’కి సరిపడే మాట నాకు దొరకలేదు. ‘ఇస్తానన్నాడు’ అని రాసి, సాక్షి అన్న తెలుగు మాటను పక్కనే యథాతథంగా పెట్టేదాన్ని. తర్వాత సంగతి జడ్జిగారు చూసుకునేవారు.

మీ బాబాయి ‘లే’ ఏ రకమో కనుక్కోవాలంటే మళ్ళీ ఫోన్ చెయ్యి, డబ్బు ఊసెత్తకు. ఆయనే ఎత్తితే ఆశ ఉంది.

ప్రశ్న: ఇలాంటి తేడాలు తెలియడానికి ఇంట్లో ఏ నిఘంటువు పెట్టుకోవాలి?

జవాబు: ఒక్కటి చాలదు. పద్యాలు చదివేవారికి 1885 నాటి శబ్దరత్నాకరం అక్కరకొస్తుంది. వాడుక మాటలకు నేను ఎక్కువగా తిరగేసింది 1852లో వచ్చిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. జనం నోట్లో మాట ఎలా వాక్యమవుతుందో ఉదాహరణలతో చూపించాడు. కొన్ని అర్థాలు ఇప్పుడు మారాయి, అది గుర్తుపెట్టుకుని చదవాలి. పొలం పనుల మాటలు ఏ జిల్లాలో ఎలా అంటారో తెలియాలంటే భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊళ్ళ నుంచి సేకరింపజేసి 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం చూడండి. నాగలి మొదలుకొని కళ్ళం దాకా ఒక్కో వస్తువుకు జిల్లాకో పేరు కనిపిస్తుంది. పాత నిఘంటువులు చాలావరకు ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటులో ఉన్నాయి. మాట కొట్టి వెతకొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.